హెచ్13 వేసినా 19 వేల హిట్లకే డై పగిలింది. ఏ స్టీలు వేయాలి?

పీన్యా_టూల్‌రూమ్
బెంగళూరు పీన్యా రెండో ఫేజ్‌లో మాది పదకొండు మంది పనిచేసే టూల్ రూమ్. ఇన్నాళ్ళూ కోల్డ్ స్టాంపింగ్ డైలే చేశాం. పోయినేడు ధైర్యం చేసి ఒక హాట్ స్టాంపింగ్ డై (ఎర్రగా కాల్చిన రేకుని నొక్కి పార్టు చేసే అచ్చు) ఆర్డరు పట్టాను. కారు రెండు డోర్ల మధ్య నిలువుగా ఉంటుందే పిల్లరు, దాని లోపలి పార్టు. బ్లాంకు (నొక్కే రేకు) 22ఎంఎన్‌బీ5 బోరాన్ స్టీలు, అల్యూమినియం సిలికాన్ కోటింగ్ ఉన్నది. డైలో బిగించే ముక్కలు, అంటే ఇన్సర్టులన్నీ హెచ్13 (వేడి పనికి వాడే టూల్ స్టీలు), హార్డ్‌నెస్ 52 హెచ్‌ఆర్‌సీ. లక్షన్నర హిట్లు ఆడాలని కస్టమర్ పర్చేజ్ ఆర్డరులో రాయించుకున్నాడు. 19 వేలకే పంచ్ రేడియస్ (గుండ్రటి అంచు) మీద మెటల్ అంటుకుని గీతలు పడుతున్నాయి. దానికి తోడు రెండు ఇన్సర్టుల్లో పగుళ్ళు. "నాసిరకం స్టీలు వేశారు, మొత్తం మీ ఖర్చుతో మార్చండి" అని మెయిల్ వచ్చింది. ఇంపోర్టెడ్ స్పెషల్ గ్రేడు కిలో రేటు అడిగి ఫోన్ పెట్టేశాను. వైర్‌కట్ మిషన్ ఈఎంఐ ఇంకా రెండేళ్ళుంది. ఏ స్టీలు వేస్తే నిలుస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

చిత్తూరు_చిన్నోడు
డీ2 వేసేయండి అన్నా. 60 హార్డ్‌నెస్ వస్తుంది, గీత కూడా పడదు. మేం బ్లాంకింగ్ టూల్స్ అన్నిటికీ అదే.

ఒరగడం_ప్రెస్‌లైన్
చిన్నోడు గారూ, అది చల్లటి పని. ఇక్కడ బ్లాంకు 900 దాటిన ఫర్నెస్ లోంచి ఎర్రగా వచ్చి డైలో పడుతుంది, ప్రెస్ మూసుకుంటుంది, లోపల నీళ్ళు తిరుగుతూ దాన్ని చల్లార్చేస్తాయి. ఒక్కో హిట్టుకీ డై ముఖం ఒకసారి కాలి ఒకసారి చల్లబడుతుంది. డీ2లో ఒకటిన్నర శాతం కార్బన్, 12 శాతం క్రోమియం. నిండా పెద్ద పెద్ద కార్బైడ్లు (కార్బన్ కలిసిన గట్టి రేణువులు). వేడీ చలీ అలా మార్చి మార్చి తగిలితే గాజుగ్లాసులా పగులుతుంది.

చిత్తూరు_చిన్నోడు
సరే సరే, అడిగి తెలుసుకుందామనే కదా వచ్చింది.

శుభలేఖల_శీను
మాది కూడా హాట్ స్టాంపింగే సార్. ఇత్తడి డై వాడండి, నాకు మూడేళ్ళుగా అరగలేదు.

పీన్యా_టూల్‌రూమ్
ఇత్తడా? దేని మీద కొడుతున్నారు మీరు?

శుభలేఖల_శీను
పెళ్ళికార్డుల మీద బంగారు వినాయకుడు. 120 డిగ్రీలు.

ఒరగడం_ప్రెస్‌లైన్
😂😂 పొద్దున్నే కాఫీ కీబోర్డు మీద పడింది.

మెటలర్జీ_మాధవి
శీను గారిని నవ్వకండి, ఇత్తడి వేడిని బాగా పంచుతుంది కాబట్టే వాళ్ళు వాడతారు. ఈ చర్చ అసలు విషయం కూడా అదే.

పీన్యా గారూ, స్టీలు పేరు మార్చే ముందు కొన్ని చెప్పండి. పగుళ్ళు పై ముఖం మీద సాలెగూడులా సన్నగా ఉన్నాయా, లేక ఒకే గీతగా లోతుగా ఉన్నాయా? టెంపరింగ్ (గట్టిపరిచాక మళ్ళీ వేడిచేయడం) ఎన్నిసార్లు, ఎన్ని డిగ్రీల దగ్గర? హార్డెనింగ్ ఎక్కడ చేయించారు, చార్టు ఇచ్చారా? కూలింగ్ రంధ్రం డై ముఖానికి ఎంత దగ్గర?

52 హెచ్‌ఆర్‌సీ అని సర్టిఫికెట్‌లో ఉన్నంత మాత్రాన ఏమీ తెలియదు. హెచ్13ని 500 డిగ్రీల దగ్గర టెంపర్ చేసినా ఆ అంకె దరిదాపుల్లోనే వస్తుంది, 570 పైన రెండు మూడుసార్లు చేసినా దాదాపు అదే వస్తుంది. మొదటిది పెళుసు. హార్డ్‌నెస్ మిషన్‌కి ఆ తేడా కనబడదు.

పీన్యా_టూల్‌రూమ్
చార్టు ఉంది మేడమ్. వాక్యూమ్ ఫర్నెస్, 1020 దగ్గర సోక్ (ఆ వేడిలో కాసేపు ఉంచడం), నైట్రోజన్ క్వెంచ్ (వేగంగా చల్లార్చడం), టెంపరింగ్ రెండుసార్లు 575, 580. కూలింగ్ రంధ్రం 10 మిల్లీమీటర్లు, ముఖానికి దూరం డ్రాయింగ్‌లో 12. పగుళ్ళు సాలెగూడులా లేవు. ఒక్కో ఇన్సర్టుకి ఒకే గీత, పైనుంచి కిందికి దిగినట్టుంది.

వాక్యూమ్_వాసు
హీట్ ట్రీట్‌మెంట్ వాళ్ళ తరఫున ఒక మాట. చార్టు బాగానే ఉంది కానీ క్వెంచ్ వేగం అందులో రాయరు, అడగాలి. డై కాస్టింగ్ వాళ్ళ ప్రమాణం ప్రకారం బ్లాకు ఉపరితలం నిమిషానికి 28 డిగ్రీల కన్నా వేగంగా చల్లబడాలి. ఫర్నెస్ నిండా పదిమంది జాబ్స్ కుక్కి నైట్రోజన్ రెండు బార్ల ఒత్తిడితో ఊదితే, మధ్యలో ఉన్న మీ బ్లాకు సంక్రాంతికి చల్లబడుతుంది. అప్పుడు స్టీలు లోపలి గ్రెయిన్ల (స్ఫటికాల) అంచుల్లో కార్బైడ్లు చేరతాయి. హార్డ్‌నెస్ పాస్ అవుతుంది, దెబ్బకి ఆగే గుణం పోతుంది.

అంబత్తూరు_అల్లుడు
వాసు గారూ, రెండు బార్లతో ఊదేది మీ షాపులోనేనా? 🙂

వాక్యూమ్_వాసు
పోటీవాళ్ళ షాపులో.

రోవల్మా_ఫ్యాన్
ఎందుకింత చర్చ? హెచ్13 కాలం అయిపోయింది. దాని ఉష్ణవాహకత 25 వాట్ల చిల్లర. స్పెయిన్ కంపెనీ రోవల్మా వాళ్ళ హెచ్‌టీసీఎస్ స్టీలు రకాలు దానికి రెట్టింపు దాటతాయి. వేడి త్వరగా నీళ్ళలోకి పోతుంది, డై ముఖం చల్లగా ఉంటుంది, మెటల్ అంటదు, హోల్డ్ టైమ్ (ప్రెస్ మూసి ఉంచే టైమ్) తగ్గుతుంది. హిట్టుకి రెండు సెకన్లు మిగిలినా లక్షన్నర హిట్లకి లెక్క వేసుకోండి. స్టీలు ధర మొదటి నెలలోనే వచ్చేస్తుంది.

పీన్యా_టూల్‌రూమ్
ఆ సెకన్లు మిగిలేది కస్టమర్‌కి. స్టీలు కొనేది నేను. 😐

రిటైర్డ్_ఫిట్టర్
జాలహళ్ళి హెచ్‌ఎంటీలో 31 ఏళ్ళు చేశాను. హాట్ స్టాంపింగ్ నేను చేయలేదు, కానీ చదివాను. ఇది స్వీడన్ వాళ్ళ పని. 1977లో పేటెంటు. మొదట రంపపు బ్లేడ్లకీ, గడ్డి కోసే మిషన్ బ్లేడ్లకీ వాడేవారు. 1984లో సాబ్ కంపెనీ 9000 మోడల్ కారులో పెట్టింది. గడ్డి కోసే బ్లేడు పద్ధతి ఇవాళ మనల్ని యాక్సిడెంట్లో కాపాడుతోంది.

నాకు ఒకటే అనుమానం బాబూ. డ్రాయింగులో 12 అన్నావు. గన్ డ్రిల్ పొడవుగా పోతే పక్కకి జరుగుతుంది. నిజంగా 12 ఉందా, నువ్వు కొలిచావా?

పీన్యా_టూల్‌రూమ్
గురువు గారూ, బయట ఇచ్చి చేయించాం. రెండు చివర్లా కొలిచాను, మధ్యలో ఎలా కొలుస్తాం?

రిటైర్డ్_ఫిట్టర్
అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్ పెట్టి పై ముఖం నుంచి చూడు. అద్దెకి దొరుకుతుంది.

మెటలర్జీ_మాధవి
రోవల్మా_ఫ్యాన్ గారి మాట తప్పు కాదు, సగం మాత్రమే. హెచ్13లో 5 శాతం క్రోమియం, 1 శాతం సిలికాన్ ఉంటాయి. ఇవి ఇనుములో కరిగి ఉండి వేడి ప్రయాణానికి అడ్డుపడతాయి. వాళ్ళు క్రోమియం, సిలికాన్ దాదాపు తీసేసి మాలిబ్డినం, టంగ్‌స్టన్‌తో నడిపించారు. అందుకే ఆ వాహకత. కానీ క్రోమియం లేకపోతే తుప్పు. నీళ్ళు తిరిగే రంధ్రాల్లో తుప్పంటే ఏమిటో నీళ్ళు చూసుకోని షాపులకి త్వరగానే తెలుస్తుంది.

మధ్యేమార్గం కావాలంటే 1.2367 అనే గ్రేడు ఉంది, క్రోమియం 5 ఉంచి మాలిబ్డినం 3కి పెంచినది. సిలికాన్ తగ్గించిన హెచ్11 తరహా ప్రీమియం గ్రేడ్లూ ఉన్నాయి. ఏది కొన్నా ఈఎస్‌ఆర్ చేసిన (మళ్ళీ కరిగించి శుద్ధి చేసిన) మెటీరియలే కొనండి. మామూలు కాస్టింగ్ లోంచి సాగదీసిన బార్లలో మధ్యలో మురికి, కార్బైడ్ చారలు ఉంటాయి. పంచ్ రేడియస్ సరిగ్గా ఆ చార మీద పడితే మీ అదృష్టం.

అంబత్తూరు_అల్లుడు
ఇక్కడ ఒక సప్లయర్ దగ్గర హెచ్‌డీఎస్ (హాట్ డై స్టీలు, హెచ్13 లాంటిది) అడిగితే డీబీ6 అంటగట్టాడు నాకు. ఫోర్జింగ్ డైల స్టీలు అది. "రెండూ హాట్ వర్కే కదా సార్" అన్నాడు. ఇంటికొచ్చి గ్రైండర్‌కి పట్టి నిప్పురవ్వలు చూసే స్పార్క్ టెస్ట్ చేసి ఏడ్చాను. అప్పట్నుంచీ ప్రతి హీట్ నంబరుకీ (ఒక్కో కొలిమి సరుకుకీ) ఒక ముక్క కోసి ల్యాబ్‌కి పంపుతున్నా. కొన్ని వేలు ఖర్చు, కానీ కంటినిండా నిద్ర.

చిత్తూరు_చిన్నోడు
అల్లుడు గారికి నిద్ర, పీన్యా అన్నకి జాగారం.

ఒరగడం_ప్రెస్‌లైన్
అంటుకోవడం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మా లైన్లో ఇదే రోజూ కథ. ఆ అల్యూమినియం సిలికాన్ పొర 577 డిగ్రీల చుట్టూ కరుగుతుంది. ఫర్నెస్‌లో తగినంత సేపు ఉంటే ఇనుము దాంట్లోకి ఎక్కి గట్టి పొరగా మారుతుంది. తొందరపడి బయటికి తీస్తే మెత్తగా ఉండి డైకి పూసుకుంటుంది. మరీ గట్టిపడితే అదే గరుకు కాగితంలా డైని అరగదీస్తుంది. కాబట్టి పీన్యా గారూ, కస్టమర్ ఫర్నెస్ టైమ్ రికార్డు అడగండి. ప్రొడక్షన్ పెంచమని పైనుంచి ఒత్తిడి వస్తే మొదట కోసేది ఫర్నెస్ టైమే. నేనూ కోశాను, ఒప్పుకుంటున్నాను.

పీన్యా_టూల్‌రూమ్
అడిగితే కోప్పడతాడేమో.

రిటైర్డ్_ఫిట్టర్
మెయిల్‌లో నాసిరకం అని రాసినప్పుడు నువ్వేమైనా ముద్దుపెట్టుకున్నావా? అడుగు.

ఒరగడం_ప్రెస్‌లైన్
ఇంకోటి. రేడియస్ పాలిష్ ఏ దిక్కుగా చేశారు? మెటల్ జారే దిక్కుకి అడ్డంగా ఎమరీ పట్టినా, స్పార్క్ మిషన్ (ఈడీఎం)తో చెక్కినప్పుడు వచ్చిన తెల్లపొర అలాగే వదిలేసినా, అక్కడే మొదలవుతుంది. స్పార్క్ పొర పూర్తిగా తీసి, చివరి టెంపరింగ్ కన్నా 25 డిగ్రీలు తక్కువలో ఒకసారి స్ట్రెస్ రిలీవ్ (లోపలి ఒత్తిడి తీసే వేడి) ఇవ్వాలి.

పీన్యా_టూల్‌రూమ్
స్పార్క్ చేశాం. పాలిష్ చేశాం. స్ట్రెస్ రిలీవ్... ఇవ్వలేదు. డెలివరీకి నాలుగు రోజులే ఉండింది.

వాక్యూమ్_వాసు
అందరికీ ఎప్పుడూ నాలుగు రోజులే ఉంటాయి.

బొమ్మసంద్ర_భాస్కర్
ఆలస్యంగా వచ్చాను, పైవన్నీ చదివాను. ప్లాస్మా నైట్రైడింగ్ (స్టీలు పై పొరలోకి నైట్రోజన్ ఎక్కించడం) చేయించి పైన పీవీడీ కోటింగ్ వేయిస్తే అంటుకోవడం చాలావరకు తగ్గింది నాకు. కానీ నైట్రైడింగ్‌లో పైన తెల్లపొర మందంగా రానివ్వొద్దని ముందే రాసివ్వండి, పెచ్చులుగా లేస్తుంది. పీవీడీ మైక్రాన్లలో ఉండే పొర. కింద డై మెత్తగా ఉంటే పరుపు మీద పెట్టిన అద్దంలాగా ఉంటుంది దాని పరిస్థితి.

పగుళ్ళకి మాత్రం కోటింగ్ మందు కాదు.

మెటలర్జీ_మాధవి
పగులు మీద నా అనుమానం చెప్పేస్తాను. ముఖం మీద సాలెగూడు లేకుండా ఒకే గీత ఉందంటే అది పైనుంచి మొదలైంది కాకపోవచ్చు. లోపల నీళ్ళ రంధ్రం గోడ నుంచి పైకి వచ్చి ఉండొచ్చు. 52 హెచ్‌ఆర్‌సీ స్టీలు, డ్రిల్ గీతలు, పక్కనే నీళ్ళు, నీళ్ళలో క్లోరైడ్, హిట్టు హిట్టుకీ లాగుడు. ఇంతకంటే ఏం కావాలి దానికి? పగిలిన ఇన్సర్టుని ఎలాగూ పారేస్తారు కదా, కోసి చూడండి.

పీన్యా గారూ, ఇంతకీ ఏ నీళ్ళు తిరుగుతున్నాయి అందులో?

పీన్యా_టూల్‌రూమ్
నీళ్ళు కస్టమర్ షెడ్డులోవి మేడమ్. చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మిషన్) ఉంది. ఏ నీళ్ళో నాకు తెలీదు. నీళ్ళే కదా అనుకున్నాను.

అంబత్తూరు_అల్లుడు
"నీళ్ళే కదా" 🤦 ఇక్కడ మా బోరు నీళ్ళతో గీజర్ ఏడాదికి ఒకటి పోతుంది.

రోవల్మా_ఫ్యాన్
నీళ్ళు మంచివైనా హెచ్13 హెచ్13యే. రాసిపెట్టుకోండి.

పీన్యా_టూల్‌రూమ్
(పన్నెండు రోజుల తర్వాత)
అందరూ ఏమయ్యారో అనుకుంటున్నారేమో, కోయించాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, నా తప్పులతో సహా.

పగిలిన రెండు ఇన్సర్టులనీ వైర్‌కట్‌లో అడ్డంగా కోశాం. మొదటిదాంట్లో రంధ్రం గోడల నిండా గార. మన ఇంట్లో వేణ్ణీళ్ళ బిందెకి పడుతుంది చూడండి, అచ్చం అలాగే తెల్లగా, ఒకచోట మిల్లీమీటరు పైనే మందం. ఒక మలుపులో తుప్పూ గారా కలిసి దాదాపు మూసుకుపోయింది. అంటే ఆ రేడియస్ కింద నీళ్ళు సన్నగా కారుతున్నాయి తప్ప పారడం లేదు. అంటుకున్నది కూడా సరిగ్గా ఆ రేడియస్ మీదే.

కస్టమర్ షెడ్డుకి వెళ్ళి చూశాను. చిల్లర్ ట్యాంకు క్లోజ్‌డ్ లూపే, పేరుకి. క్విక్ కప్లింగుల దగ్గర రోజూ కారుతుంది. కారిన మేరకు ఆపరేటర్ పైపుతో ట్యాంకర్ నీళ్ళు కలుపుతున్నాడు. రోజూ కొత్త నీళ్ళు, రోజూ కొత్త సున్నం. నా దగ్గరున్న టీడీఎస్ మీటర్ ముంచితే 1140 చూపించింది.

రెండో ఇన్సర్టు సంగతి వేరు. రిటైర్డ్_ఫిట్టర్ గారూ, మీ నోట్లో పంచదార పొయ్యాలి. 12 ఉండాల్సిన చోట 7.5 ఉంది. పగులు రంధ్రం లోపల ఒక డ్రిల్ మెట్టు దగ్గర మొదలై పైకి వచ్చింది. మాధవి మేడమ్ చెప్పిందే. అది పూర్తిగా మా తప్పు, డ్రిల్లింగ్ చేసినవాడిని నేను చెక్ చేయలేదు.

మెటీరియల్ ల్యాబ్ రిపోర్టు: హెచ్13యే, కూర్పు సరిగ్గా ఉంది. ఈఎస్‌ఆర్ కాదు, నేను కొన్నది మామూలుదే.

రిటైర్డ్_ఫిట్టర్
పంచదార వద్దు బాబూ, షుగర్ ఉంది.

మెటలర్జీ_మాధవి
కోసి చూసి, తప్పుతో సహా చెప్పేవాళ్ళు తక్కువ. థాంక్స్.

గార ఎంత చేటో లెక్క చెప్తాను. సున్నపు గార వాహకత హెచ్13తో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. ఒక మిల్లీమీటరు గార అంటే పది పన్నెండు మిల్లీమీటర్ల స్టీలు అడ్డం పెట్టినట్టు. మీ 12 మిల్లీమీటర్ల గోడ కాస్తా 24 అయిపోయింది. ఇప్పుడు రోవల్మా_ఫ్యాన్ గారు చెప్పిన రెట్టింపు వాహకత స్టీలు వేసి ఉంటే, ఈ గార దాన్ని గార లేని హెచ్13 కన్నా కిందికే దించేది, అంతే.

పార్టు మాటేమిటి? సెకనుకి 27 డిగ్రీల కన్నా నెమ్మదిగా చల్లారితే 22ఎంఎన్‌బీ5 పూర్తిగా మార్టెన్సైట్ (స్టీలుకి బలాన్నిచ్చే గట్టి నిర్మాణం) కాదు. ఆ రేడియస్ దగ్గర పార్టు హార్డ్‌నెస్ చూశారా? 1500 మెగాపాస్కల్ బలం రావాల్సిన చోట తక్కువ వచ్చి ఉంటే అది డై గొడవ కన్నా పెద్దది.

పీన్యా_టూల్‌రూమ్
చూడమని చెప్పాను మేడమ్. ఆ మాట అన్నాక కస్టమర్ గొంతు మారింది. "నాసిరకం" అన్న మెయిల్ గురించి మళ్ళీ ఎత్తలేదు.

అంబత్తూరు_అల్లుడు
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వాళ్ళ యవ్వారం.

పీన్యా_టూల్‌రూమ్
రెండో మద్దెల నిజంగానే ఓడు అల్లుడు గారూ, 7.5 మరి.

చిత్తూరు_చిన్నోడు
మిగతా ఇన్సర్టుల్లో గార పోవడానికి బాత్రూమ్ యాసిడ్ పోసేస్తే సరి కదా అన్నా? బుసబుసా పొంగి పోతుంది.

మెటలర్జీ_మాధవి
వద్దు! దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఇంత గట్టి స్టీలుకి ఆ యాసిడ్ తగిలితే హైడ్రోజన్ లోపలికి పోతుంది, పెళుసెక్కుతుంది. ఇవాళ శుభ్రమవుతుంది, వచ్చే వారం చడీచప్పుడు లేకుండా పగులుతుంది. స్టీలుని కాపాడే ఇన్హిబిటర్ కలిపిన డీస్కేలింగ్ ద్రవాలు దొరుకుతాయి. అవి తిప్పి, తర్వాత బాగా కడిగి, ఆరబెట్టాలి.

చిత్తూరు_చిన్నోడు
ఈ చర్చలో నేను ఏం చెప్పినా వద్దంటారు. అలవాటైపోయింది.

బొమ్మసంద్ర_భాస్కర్
మంచి నీళ్ళు, తుప్పు పట్టనివ్వని కెమికల్, ప్రతి సర్క్యూట్‌కీ ఒక ఫ్లో మీటరు. లోపలికి వెళ్ళే నీళ్ళకీ బయటికి వచ్చే నీళ్ళకీ ఉష్ణోగ్రత తేడా షిఫ్టుకోసారి రాయాలి. మా దగ్గర ఇది గోడ మీద చార్టు. కొత్త డై ఒప్పుకునేటప్పుడే ఇవి షరతుగా రాస్తాం ఇప్పుడు. ఒకసారి దెబ్బ తిన్నాకే, ముందు కాదు.

రోవల్మా_ఫ్యాన్
అయినా కొత్త ఇన్సర్టులకైనా మంచి స్టీలు వేయండి బ్రదర్. ఆ రేడియస్ ఒక్కదానికైనా.

పీన్యా_టూల్‌రూమ్
అదే చేస్తున్నాను నిజానికి. ఆ రెండు ఇన్సర్టులకి ఈఎస్‌ఆర్ 1.2367 ఆర్డరు పెట్టాను. మిగతా వాటికి హెచ్13యే. మీ స్పెయిన్ స్టీలు ఇంకో పదేళ్ళకి. రంధ్రాలన్నీ ఈసారి నేనే గేజ్ పెట్టి చూసి తీసుకుంటాను. ఖర్చు చెరి సగం అని కస్టమర్ ఒప్పుకున్నాడు. నోటి మాట కాదు, మెయిల్‌లోనే.

వాక్యూమ్_వాసు
హార్డెనింగ్ మా దగ్గరికి పంపండి, క్వెంచ్ కర్వుతో సహా ఇస్తాను. బార్లు ఆరు తగ్గవు.

శుభలేఖల_శీను
పీన్యా సార్, ఆ కోసిన హెచ్13 ముక్కలు ఏం చేస్తున్నారు? మా ఆవిడ కత్తిపీట చేయించమంటోంది.

రిటైర్డ్_ఫిట్టర్
పనికిరాదు శీనూ. దాంట్లో కార్బన్ 0.4 మాత్రమే, పదును ఎక్కువ రోజులు నిలవదు. చిన్నోడిని అడుగు, డీ2 ముక్కలు ఉంటాయి.

చిత్తూరు_చిన్నోడు
హమ్మయ్య! బోలెడున్నాయి శీను అన్నా, అడ్రస్ పెట్టు.